తోక సైకిలు: తిరువొత్తియూరు నుంచి పులికాట్ దాకా

చెన్నై వెళ్ళొచ్చానని చెబితే మా ఏలూరులో ఎవరైనా మొదట అడిగేది టి. నగర్‌లో ఏ కొట్లో ఏ చీర కొన్నావనే. ఒక్క చీరా కొనలేదు. నాలుగు రోజులూ ఊరికి ఉత్తరాన, ఎండుచేపల వాసనా గ్యాసు వాసనా కలిసి కొట్టే చోట, పాత సైకిళ్ళ మధ్య గడిపి వచ్చాను. అందులో ఒక పొద్దున జరిగింది చెప్పుకోకపోతే నాకు మనశ్శాంతి లేదు. అక్కడివాళ్ళు నాలుగు తరాలుగా తెలుగు మాట్లాడుతున్నారే గాని చదవడం రాదు, బళ్ళో నేర్చింది అరవమే. ఇది వాళ్ళ కంట పడదన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

నాకు యాభై రెండేళ్ళు. బళ్ళో లెక్కలు చెబుతాను. తెల్లారగానే సైకిలు తొక్కడం నా పిచ్చి. రెండేళ్ళ కిందట మా వీధిలో పెళ్ళికి మద్రాసు నుంచి వచ్చిన యేసుపాదం గారు నా సైకిలు చూసి ఆగిపోయారు. హార్బరులో క్రేను నడిపి రిటైరైన మనిషి. "హ్యాండిలు రవంత వంకరుండాది మా" అని, నేను అడగకుండానే సరిచేసి, తమ లాంతరు సైకిల్ సంఘం గురించి చెప్పుకొచ్చారు. ఆయన తాత కాలంలో హార్బరు కూలీలు చీకటితోనే హ్యాండిళ్ళకు లాంతర్లు తగిలించుకుని గుంపుగా పనికి పోయేవారట. లాంతర్లు పోయాయి గాని సంఘం పోలేదు. ఇప్పుడు ఏడాది పొడుగునా జనం పారేసిన సైకిళ్ళు పోగుచేసి, బాగుచేసి, జనవరిలో పులికాట్ పక్క పల్లెల్లో బడికి నడిచిపోయే ఆడపిల్లలకు ఇచ్చి వస్తారు. "చేతులు చాలవమ్మా. ఒకతూరి రారాదా?" అన్నారు. మాట వరసకు అన్న మాటను పట్టుకుని వెళ్ళే రకం నేను.

తిరువొత్తియూరు

బస ముత్యాలు గారింట్లో. సంఘంలో పాతికేళ్ళుగా ఉన్న దంపతులు. బయల్దేరే ముందు ఫోను చేస్తే అవతల గొంతు విని "అన్నా, నమస్కారం" అన్నాను. "అన్న కాదు టీచరమ్మా, వదిన!" అని ఆ గొంతు పకపకా నవ్వింది. అది సరోజ గారు. ముప్పై ఏళ్ళు నెత్తిన బుట్ట పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మిన గొంతు, మగగొంతులాగే బరువుగా ఉంటుంది. విచిత్రమేమిటంటే ముత్యాలు గారిదీ సరిగ్గా అదే గొంతు. పక్క గదిలో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఎవరో ఒక్కరే ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకుంటున్నట్టు ఉండేది.

సరోజ గారు భర్త పేరు నోటితో పలకరు. "మా ఆయన" అనాలి, లేదంటే సంఘంలో ఆయన నెంబరు చెప్పాలి. మా ఊళ్ళో నా తోటి ఆడవాళ్ళు మొగుళ్ళను పేరు పెట్టి కేకేస్తారని చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంట్లో మనవళ్ళు తెలుగులో అడిగితే అరవంలో జవాబు చెబుతారు. పొద్దున్నే వీధి చివర బండి దగ్గర ఇడ్లీలోకి వడకరి అని ఒక కూర పెట్టారు, శనగపప్పు వడలు చిదిపి మసాలాతో వండినది. మూడు ఇడ్లీలు, గరిటెడు వడకరి ముప్పై రూపాయలు. చట్నీ తప్ప వేరే ఎరగని నాలుకకు అది పెళ్ళి భోజనమే.

పొద్దు గూకాక మిద్దె ఎక్కాను. పడమట, మనలి వైపు, ఆకాశంలో ఒక మంట ఆడుతోంది. దాని కింద గొట్టం ఉంటుందని తెలుసు, కాని మసకలో గొట్టం కనపడదు, మంట ఒక్కటే నిలబడి ఉంది. "అది ఆరిపోతే మాకు నిద్ర పట్టదు" అన్నారు సరోజ గారు బట్టలు తీస్తూ.

షెడ్డు

సంఘం షెడ్డు మూతపడిన ఐసు ఫ్యాక్టరీ వెనకాల. కప్పు నుంచి సైకిళ్ళు ముందు చక్రాలతో వేలాడుతుంటాయి. ప్రతిదానికీ ఎవరో ఒకరు ఇదివరకటి మనిషి ఉన్నాడు. బుట్టలో బస్సు టికెట్లు, సీటు కింద వినాయకుడి బొమ్మ, క్యారియరుకు కట్టిన రిబ్బను ముక్క. గాలి ఆడకపోయినా ఎక్కడో ఒక వెనక చక్రం టిక్కు టిక్కుమని నాలుగుసార్లు తిరిగి ఆగేది. నేను ఉలిక్కిపడితే యేసుపాదం గారు తల ఎత్తకుండానే "సుమ్మా, ఊరికెనే తిరుగుతాది మా, ఇడిసిపెట్టు" అన్నారు. లెక్కలు చెప్పేదాన్ని, దయ్యాలను నమ్మను. అయినా ఆ మూలకు వీపు పెట్టి కూర్చోలేదు.

నాకిచ్చిన పని కిరసనాయిల్లో బాలురసులు, అంటే ఇరుసులోని ఇనప గుండ్లు, కడగడం. నా పక్కన సందీప్ స్పోకులు బిగించేవాడు. కరీంనగర్ అబ్బాయి, ఊరికి దక్షిణాన కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం, ముప్పై ఏళ్ళుంటాయి. సెలవు దొరికితే గంటన్నర ప్రయాణం చేసి ఈ మసిలోకి వస్తాడు. "ఆఫీసుల ఏం జేసినమో చేతికి కనవడదు మేడం. ఈడ చక్రం తిరుగుతది" అన్నాడు.

సంఘానికి రెండు కట్టుబాట్లు. ఒకటి, తొక్కని సైకిలు ఇవ్వరు. బాగుచేసినవాళ్ళే దాన్ని పులికాట్ దాకా తొక్కి, దారిలో ఏ నట్టూ ఊడలేదని తేలాకే పిల్ల చేతికిస్తారు. వచ్చేటప్పుడు బస్సు. రెండోది, లెక్క. జనవరిలో ఆ దారిన మంచూ పొగా కలిసి ముందు సైకిలు కనపడదు. అందుకని ఒకరి వెనక ఒకరు వరసగా పోతూ, కొంత దూరానికోసారి ముందున్న యేసుపాదం గారు బెల్లు కొట్టి "ఒకటి" అంటారు. వెనకున్నవాళ్ళు వరసగా తమ నెంబరు చెప్పాలి. అందరూ పలికితే చివరి మనిషి "తోక సరి" అని అరవాలి. ఒక నెంబరు తప్పినా "ఆగు" అనాలి. మేం తొమ్మిది మందిమి. సందీప్ ఆరు, ముత్యాలు గారు ఏడు, సరోజ గారు ఎనిమిది.

"లెక్కల టీచరమ్మ కదా, తోక నువ్వే" అన్నారు యేసుపాదం గారు. పొంగిపోయాను.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా వచ్చింది. ముత్యాలు గారికి షుగరు. ఒకసారి మందు వేసుకుని తినకుండా బయటికి పోయి, బస్టాపులో పడిపోయారట. ఈసారి వద్దంటారు ఆమె. ఆయన ఊదారంగు చిన్న సైకిలొకటి మూడు నెలలు కష్టపడి బాగుచేశారు.

"నేను తొక్కకపోతే ఆ బిడ్డకి ఏం ముఖం పెట్టుకోని ఇచ్చేది?"

"నీ ముఖం ఉంటే కదా ఇచ్చేది!" అన్నారు సరోజ గారు, అదే గొంతుతో.

తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "టీచరమ్మా, నువ్వు ఎనకాల ఉంటావు. ఆయన్ని ఇడిసిపెట్టి రాబాక."

"విడిచిపెట్టను వదినా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.

మనలి

ఆరింటికి బయల్దేరాం. మూతికి తడి తువ్వాళ్ళు కట్టుకున్నాం. మనలి దగ్గర గాలి పీలిస్తే గొంతులో చిల్లర నాణెం పెట్టుకున్నట్టుంటుంది. తిరువొత్తియూరు వీధులు దాటాక దీపాలు ఒక్కటొక్కటే తగ్గిపోయి, తర్వాత రోడ్డే తగ్గిపోయింది. నా ముందు చక్రం, దాని కింద మూడు గజాల తారు, అంతే ప్రపంచం. ఎడమ పక్కన కంటైనర్ల ట్రైలర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటీ మంచులోంచి గోడలా వచ్చి, గోడలా పోతోంది. మంట ఎటువైపుందో తెలియలేదు. మంచంతా పలచగా నారింజరంగు పట్టింది, అంతే. కుక్కలు కూడా మొరగలేదు, రోడ్డు పక్క నిలబడి మేం పోతుంటే తలలు తిప్పి చూశాయి.

మనలి దాటాక మొదటి బెల్లు మోగింది. "ఒకటి." ఎక్కడో కుడివైపు నుంచి వచ్చినట్టు ఉంది. రోడ్డు తిన్నగానే ఉందే అనుకున్నాను. రెండు, మూడు, నాలుగు, ఒక్కో గొంతు ఒక్కో దిక్కు నుంచి. సందీప్ "ఆరు" అన్నాడు. కాస్త ఆగి, తువ్వాలు చాటున బరువుగా "ఏడు" వినిపించింది. తర్వాత "ఎనిమిది". నేను "తొమ్మిది, తోక సరి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

రెండోసారి కాలువ వంతెన మీద. ఆరు, ఏడు, ఎనిమిది. తోక సరి. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. టీ ఎప్పుడు తాగుతామా అని ఉంది. మూడోసారి మీంజూరు ఇంకా రాకముందు. అప్పుడే ఒక లారీ మమ్మల్ని దాటుకుపోతోంది. ఆరు విన్నాను, ఏడు విన్నాను, ఎనిమిది విన్నాను. తోక సరి.

మీంజూరు

టీ కొట్టు ముందు బల్బు వెలుగుతోంది. మంచు కాస్త పలచబడింది. యేసుపాదం గారు తొమ్మిది టీలు చెప్పి, గ్లాసులు తలా ఒకటి అందించారు. పన్నెండు రూపాయల టీ, గ్లాసు నిండా నురగ. సరోజ గారు తప్ప అందరం తాగుతున్నాం. బల్ల మీద ఒక గ్లాసు ఉండిపోయింది.

సరోజ గారు తువ్వాలు ముక్కు కిందికి లాక్కుని అటూ ఇటూ చూశారు. తువ్వాలు నోటికి అలాగే ఉంది. పెద్దగా కూడా కాదు, మామూలుగా అడిగారు.

"ఏడ?"

సందీప్ చేతిలో గ్లాసు ఒలికింది. "మేడం... గదే. నేనిన్నది గా మాటే."

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. మా ఊళ్ళో మేం "ఎక్కడ" అంటాం. వీళ్ళకు "ఏడ". మొదటి బెల్లుకే సరోజ గారికి ముందు నుంచి ఆయన గొంతు వినపడలేదు. "ఏడ?" అని అడిగారు. తడి బట్ట చాటున, ఆయన గొంతే అయిన ఆ గొంతులో, ఆయన నెంబరు రావలసిన చోట వచ్చిన ఆ మాట మా అందరికీ "ఏడు" అని వినపడింది. వెనక నుంచి నేను "సరి" అన్నాను.

"కోపంగా ఉండాడు, మెల్లంగా చెప్పినాడేమో అనుకున్నా" అన్నారు సరోజ గారు. "నువ్వు సరి అన్యావు కదా టీచరమ్మా? నువ్వు ఇన్యావు కదా?"

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన్ను వదలనని చేతిలో చెయ్యి వేసిన మనిషిని, ఆయన పక్కనుంచే దాటి వచ్చాను. ఎంత దూరంలో దాటానో కూడా తెలియదు. అప్పుడే వాళ్ళింటి నుంచి మనవరాలు ఫోను చేసింది. తాత మందు వేసుకున్నాడు, డబ్బాలో పెట్టిన ఇడ్లీ మాత్రం అలాగే ఉందని.

కల్వర్టు

సరోజ గారు, సందీప్, నేను వెనక్కి మళ్ళాం. సరోజ గారు ఆ ట్రైలర్ల వరస పొడుగునా అరుస్తూ తొక్కారు. ఆ భయంలో కూడా పేరు నోట రాలేదు. "ఏడూ! ఏడ? ఏడూ!" ఏది నెంబరో ఏది ప్రశ్నో తెలియకుండా కలిసిపోయింది. సందీప్ మాత్రం "ముత్యాలన్నా" అని కేకేస్తూ పోయాడు. ఎక్కడా జవాబు లేదు. పావుగంట పైగా తొక్కాం. ప్రతి నీడా కూర్చున్న మనిషిలాగే కనపడింది, దగ్గరికి పోతే టైరో గోతమో అయ్యేది.

ఒక ట్రైలరు డ్రైవరు క్యాబిన్లోంచి తల బయటపెట్టాడు. నాయుడుపేట మనిషి. "ముసలాయన కోసమా? ఆ కల్వర్టు కింద కూర్చోని ఉండాడు. ఒక్కడే లెక్కపెట్టుకుంటా ఉంటే పిచ్చోడనుకున్నా. ఆరు దాకా అంటాడు, ఊరుకుంటాడు, ఎనిమిది అంటాడు."

సైకిలు పడేసి పరిగెత్తాం. మోరీ గోడ వెనక వాలులో కూర్చుని ఉన్నారు. ఊదా సైకిలు పక్కనే పడుకోబెట్టి ఉంది, చైను ఊడి. ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. "అయిదు," అన్నారు, "ఆరు." తర్వాత చెవి రిక్కించి ఎదురు చూశారు.

"ఏడూ!" అన్నారు సరోజ గారు, ఆయన ముందు మోకాళ్ళ మీద పడి.

ఆయన భార్య వంక, ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూశారు. "ఏడు పోయినాడు కదా. వాళ్ళతో పోయినాడు. నేను ఇన్నా."

సరోజ గారు కొంగుముడిలోంచి కమరకట్టు తీసి ఆయన నోట్లో పెట్టారు. కొబ్బరీ బెల్లం పాకం బిళ్ళ, చిన్నపిల్లలు చప్పరించేది. ఒకటి కరిగాక ఇంకొకటి. మూడోదానికి ఆయన చూపు నిలబడింది. "వచ్చినావా" అన్నారు. సరోజ గారు ఆయన్ను ఒక్కటి వేసి, వెంటనే కావలించుకుని బావురుమన్నారు. సందీప్ ఆటో ఆపాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ కల్వర్టు నుంచి రోడ్డు అంచుకు నాలుగు అడుగులు కూడా లేవు.

పులికాట్

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంకో గంటైతే కష్టమయ్యేదని చెప్పి, సాయంత్రం ఇంటికి తీసుకుపొమ్మంది. ముత్యాలు గారి మొదటి మాట, "సైకిలు?"

దాన్ని సందీప్ తొక్కాడు. ఆ పొట్టి సైకిలు మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే తిట్టుకుంటూ తొక్కాడు. పొన్నేరి దాటాక ఎండ వచ్చింది, నీళ్ళు వచ్చాయి, దూరాన ఎర్రకాళ్ళ కొంగలు నిలబడి ఉన్నాయి. పులికాట్‌ను అక్కడ పళవేర్కాడు అంటారు. మామూలప్పుడైతే ఆ సరస్సు గురించి రెండు పేజీలు రాసేదాన్ని. రొయ్యల వేపుడు తిన్నాను, నూటనలభై, రుచి గుర్తులేదు. సైకిళ్ళు పుచ్చుకున్న ఆడపిల్లలు అందరూ ఒకేసారి బెల్లులు కొట్టారు. నాకు మాత్రం చెవులు మూసుకోవాలనిపించింది.

మళ్ళీ తిరువొత్తియూరు

మర్నాడు నా రైలు మధ్యాహ్నం. ముత్యాలు గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒంట్లో బాగానే ఉంది గాని, రాత్రంతా కన్ను మూయలేదట. పొద్దున ఇడ్లీ పెడితే ముట్టలేదు. షుగరు మనిషి తినకపోతే మళ్ళీ అదే కథ. సరోజ గారు బతిమాలి బతిమాలి అలిసిపోయారు.

యేసుపాదం గారు వచ్చి నచ్చజెప్పారు. "మా నాయన వడ్లు కొలిచేటప్పుడు ఏడు అననే అనడు. అది ఏడుపు మాట అని, ఆరున్నొకటి అంటాడు. ఇంకమీద మన సంఘంలోనూ అంతే. సరియా?"

"అది కాదన్నా." ముత్యాలు గారు గోడవైపు చూస్తూ మాట్లాడారు. "నేను ఆ మోరీకాడ కూర్చోనుండా. నోరు పెగల్లా. ముందర బెల్లు మోగింది, నా నెంబరు పలికింది. నా గొంతే. అట్టయితే నేను పోయినానే, ఈడ ఉండేది ఎవురు అనుకున్నా. కండ్లు మూస్తే ఇంకా ఆడనే ఉండా."

"అది నేను కదా!" అన్నారు సరోజ గారు. "ఏడ అని అడిగినా. నా గొంతు నీకు తెలవదా?"

"ఎన్నితూర్లు అడిగినావు?"

"రెండు."

"అన్న మూడుతూర్లు లెక్క అయింది అన్యాడే."

"మూడోతూరి లారీ దుమ్ముకి దగ్గొచ్చింది. దగ్గుతానే ఎనిమిది అన్యా. ఏడ అనలా."

ముత్యాలు గారు మెల్లగా నావైపు తిరిగారు. చిన్నపిల్లవాడి భయం ఆ ముఖంలో. "అట్టయితే మూడోతూరి మీతో వచ్చింది ఎవురమ్మా?"

పళ్ళెంలో ఇడ్లీలు ఎండిపోతున్నాయి.

"నేనే" అన్నాను.

సరోజ గారు తలెత్తారు.

"ఏడు వినపడలేదు. చలిగా ఉంది, టీ కొట్టు దగ్గరికి వచ్చేశాం, మళ్ళీ అందర్నీ ఆపడం ఎందుకులే అని నేనే ఏడు అన్నాను. నేనే సరి అన్నాను. తప్పు నాది."

ముత్యాలు గారు నన్ను తేరిపార చూశారు. తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి. "నువ్వా" అన్నారు. "మనిషేనా." చిన్నగా నవ్వారు కూడా. "పోనీలే మా. అలిసిపోయుంటావు." పళ్ళెం దగ్గరికి లాక్కుని నాలుగు ఇడ్లీలు తిన్నారు. తిన్నాక పడుకుని, మేం మాట్లాడుతుండగానే నిద్రపోయారు.

సరోజ గారు నాతో మళ్ళీ మాట్లాడలేదు. స్టేషనుకు రాలేదు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి "వస్తాను వదినా" అంటే గిన్నెలు తోముతూ తల వంచుకునే ఉన్నారు. ఆమెను ఏమీ అనలేను. ఆమె మొగుడి ప్రాణం నా చేతిలో పెట్టింది. టీ కోసం వదిలేశానని నా నోటితోనే విన్నది. ఇక ఆ గుమ్మం తొక్కే యోగ్యత నాకు లేదు.

రైలు గూడూరు దాటేదాకా కళ్ళు మూసుకుని ఆ మూడో లెక్కే తలుచుకున్నాను. సందీప్ "ఆరు" అనడం గుర్తుంది. లారీ గుర్తుంది, సరోజ గారి దగ్గు గుర్తుంది. ఆ దగ్గుకు ముందు, నాకు బాగా దగ్గరగా, "ఏడు" అన్న మాట స్పష్టంగా గుర్తుంది. అప్పటికి నేనింకా నోరు తెరవలేదు.